ఒక్కరు వద్దంటే చాలు

అది కాదు, అది కాదే తల్లీ, ఆ బూడిద రంగుది విప్పి అవతల పారెయ్ అని నాలుక చివరిదాకా వచ్చింది గాని మింగేశాను, ఎందుకంటే పంతొమ్మిదేళ్ళ పిల్లతో వద్దంటే దాని చేత పట్టుబట్టి కొనిపించినట్టే, ఆ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు, నేనూ అదే వయసులో ఇదే కొట్లో మా అమ్మని అలాగే ఏడిపించాను. రేకుల కప్పు మీద వాన దంచుతోంది. మా జిండబైన్ ఊరు మొత్తం మీద ఇంత చప్పుడు చేసే కప్పు ఇంకోటి ఉండదు. బూట్లు తొడిగి చూసుకునే బల్ల మీద నేను, నా ఒళ్ళో ఇప్పటిదాకా టామ్సిన్ కాదన్న జర్కిన్లన్నీ, ఒకదాని మీద ఒకటి, గడ్డం దాకా. అద్దం ముందు నా కూతురు చేతులు పైకెత్తుతుంది, దించుతుంది, వంగి మంచు మీద జారే బోర్డు పట్టీలు కాళ్ళకి బిగిస్తున్నట్టు నటిస్తుంది, నడుం బయటపడిందేమో అని వెనక్కి తిరిగి చూసుకుంటుంది. రేపు పొద్దున్న కొండ మొదట్లో గుథీగా దగ్గర కారు ఆపి ఎక్కుతారట. ముగ్గురు. తనూ, బిల్లీ అని తన స్నేహితురాలూ, బేకరీలో పనిచేసే ఓవెనూ. నది దాటి, కొండ వీపు మీదికెక్కి, మేమంతా గరిటె అని పిలిచే గుంటలోకి పైనుంచి దిగుతారట. అందుకే ఈ హడావుడి. పాత జర్కిన్ నీళ్ళు తాగేస్తోంది, మా కొండల్లో మంచు సగం నీళ్ళే కదా, పొద్దున్న ఎక్కిన మనిషి మధ్యాహ్నానికి పిండిన గుడ్డలా దిగుతాడు. పుట్టినరోజుకి కొత్తది కొనిస్తానని మాటిచ్చింది నేనే, జూన్‌లో, చలికాలం అప్పుడే మొదలై నేల మీద ఇంకా గడ్డి కనబడుతున్నప్పుడు. గరిటె అన్న మాట అప్పటికి ఇంట్లో ఎవరి నోటా రాలేదు. వచ్చుంటే మాట ఇచ్చేదాన్నా, ఏమో, ఇచ్చేదాన్నేనేమో, నా బుద్ధి అంతే.

వారిక్ నీళ్ళ సీసా పట్టుకొచ్చాడు. కొట్టు వాడిదే. నాకంటే రెండేళ్ళు పెద్ద, కుర్రతనంలో నాతోపాటు కొండలెక్కినవాడు, ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసపడతాడు. టామ్సిన్ భుజం మీద నీళ్ళు ధారగా పోశాడు. నీళ్ళు పూసలు పూసలుగా దొర్లి కిందపడ్డాయి, బట్ట పొడిగానే ఉంది, నా పిల్ల చిన్నప్పుడు సబ్బు బుడగలు చూసి నవ్వినట్టు నవ్వింది. వాడు పాఠం అందుకున్నాడు. మూడు పొరలట, ప్రతి కుట్టుకీ లోపల టేపు అంటించారట, ఎక్కేటప్పుడు చెమట పోవడానికి చంకల కింద జిప్పులు, పడినప్పుడు మంచు దూరకుండా నడుం చుట్టూ లోపల పట్టీ. పడినప్పుడు. ఎంత తేలిగ్గా అన్నాడో. ఇరవై వేల మిల్లీమీటర్ల నీళ్ళు మీద నిలబెట్టినా చుక్క దిగదని చీటీ తిప్పి చూపించాడు. మీద మంచు నిలబడితే ఏమవుతుందో ఆ చీటీ మీద రాయరు. మేం పసుపుపచ్చ రబ్బరు కోట్లు వేసుకునేవాళ్ళం, గొర్రెల మందులూ కంచె తీగా అమ్మే కొట్లో దొరికేవి, లోపల చెమటకి ఉడికిపోయేవాళ్ళం, కింద పడితే కోటు నేల మీద జారి మనిషిని ఇంకో ఫర్లాంగు లాక్కుపోయేది, లేచి మంచు ఉమ్మేసి పడీపడీ నవ్వుకునేవాళ్ళం. ఎంత నవ్వేదాన్నో నేను. కొట్టు తలుపు తెరుచుకుంటే చలిగాలి కాళ్ళ మీద కొట్టింది, ఎవరో చేతి తొడుగులు ఉన్నాయా అని అడిగి వెళ్ళిపోయారు.

బూడిద రంగంటే వీళ్ళకి అంత మోజు ఎందుకంటే, నిగనిగలాడే రంగులు సిడ్నీ బస్సులో దిగేవాళ్ళవి. నారింజా, గులాబీ, చిలకపచ్చా వేసుకుని, కొండపైకి మోసుకెళ్ళే లిఫ్టు దగ్గర బోర్డు కింద పడేసుకునేవాళ్ళు వాళ్ళు. ఊరి పిల్లలంటే రాయి రంగు, బెరడు రంగు, మబ్బు రంగు. కొండలో కలిసిపోవాలి. కలిసిపోవడమంటే ఏంటో చూసినదాన్ని నేను. టామ్సిన్ చిన్న బళ్ళో ఉన్నప్పటి మాట. గరిటెలో అన్నదమ్ములిద్దరు మంచు చరియ కింద పడ్డారని కబురొస్తే, వెతికేవాళ్ళలో నేనూ వెళ్ళాను. భుజానికి భుజం ఆనించి వరసగా నిలబడి, పొడుగాటి ఊచలు మంచులోకి దించడం, తీయడం, ఒక అడుగు ముందుకి, మళ్ళీ దించడం. ఊచ మెత్తగా ఆగితే గుండె ఆగేది, మట్టో, మనిషో. పెద్దవాడిది ఎర్ర జర్కిన్. అరచేతి మందాన గుడ్డ పైకి కనబడింది, తవ్వితే ఊపిరుంది, ఇప్పుడు పక్కూరు కూమాలో ట్రాక్టర్లు బాగుచేస్తున్నాడు, ఎదురుపడితే తలూపుతాడు, మాట్లాడడు. చిన్నవాడిది బూడిద రంగు. వాడు అక్టోబరులో దొరికాడు, మంచు కరిగాక, వాగు పక్కన. మేం వెతకడానికి పైకెళ్ళే ముందు వాళ్ళమ్మ గుథీగాలో కార్ల మధ్య మడత కుర్చీలో కూర్చుని ఉంటే నన్ను పక్కన ఉండమన్నారు. పోలీసాయన వచ్చి ముందు అడిగింది ఏం తిన్నాడు, ఎప్పుడు బయల్దేరాడు అని కాదు. మీ చిన్నబ్బాయి ఏం రంగు వేసుకున్నాడమ్మా అని. ఆవిడకి తెలియదు. వాడే కొనుక్కున్నాడు, నేను లేచేసరికి వెళ్ళిపోయారు, నీలమేమో, కాదు, నలుపేమో, నలుపంటావా అని నా చెయ్యి పట్టుకుని నన్ను అడుగుతోంది. నాకేం తెలుసు తల్లీ, నాకేం తెలుసు.

అందుకని వచ్చాను కొట్టుకి. డబ్బులిస్తే తనే తెచ్చుకుంటానంది, కాదు నేనూ వస్తానని వెంటపడ్డాను, ఏదో పిల్లకి మంచి బట్ట ఏరి పెడదామనుకుంటున్నానని నాకు నేనే చెప్పుకున్నాను కారులో. ఇప్పుడీ బల్ల మీద కూర్చున్నాక తెలుస్తోంది. బట్ట కొనడానికి రాలేదు నేను. రేపు ఆ పోలీసాయన లాంటివాడు ఎవడో వచ్చి అడిగితే చెప్పడానికి జవాబు కొనుక్కోవడానికి వచ్చాను. ఛీ, పాడు మనసు. కడుపున పుట్టినదాని గురించి అలా ఆలోచించే తల్లి ఉంటుందా. ఉంటుంది, ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, పైకి అనరు, ఆ మాట పైకి అనకుండా వారాంతం వాతావరణం గురించి మాట్లాడుకుంటారు.

వాతావరణం. నిన్న కొండ తల దాకా వాన కురిసింది, ఆగస్టులో, నడి చలికాలంలో. రాత్రి చలి బిగిసి ఆ తడంతా గాజులా గడ్డకట్టింది. దాని మీద ఇప్పుడు కొత్త మంచు పడుతోంది, పడమటి గాలి దాన్ని ఎగరేసి, కొండ వీపు దాటించి, తెచ్చి తెచ్చి గరిటెలోనే పోస్తుంది, గరిటె ఉన్నదే అందుకు. నున్నటి పళ్ళెం మీద పిండి పోసి, పళ్ళెం కొద్దిగా వంచి చూస్తే చాలు, ఇంకే శాస్త్రమూ అక్కర్లేదు. ఆ పైన అంచున గాలి చెక్కిన మంచు చూరు వేలాడుతుంటుంది, దాని మీద నిలబడితే కాలి కింద కొండ ఉందో గాలి ఉందో తెలియదు. రేపు తెల్లారేసరికి మబ్బు విడిపోతుందట. ఊరంతా పెళ్ళివారి మొహాలేసుకుని తిరుగుతోంది. పొద్దున్న బేకరీలో మాంసం కూరిన రొట్టె కోసం వరసలో నిలబడితే ముందువాడూ రేపే, వెనకవాడూ రేపే, ఆ ఓవెన్ నా చేతికి పొట్లం ఇస్తూ రేపు మామూలుగా ఉండదండీ అన్నాడు. వాడి గడ్డం మీద ఇంకా పిండి. ఇంటికొచ్చి ఇయన్‌కి చెప్పాను. నా మొగుడు రాత్రంతా రిసార్టులో వాలు చదును చేసే యంత్రం నడిపి పగలు పడుకుంటాడు. దుప్పట్లోంచి తల బయటపెట్టకుండానే, చెప్పి చూడు, అచ్చం నీ పోలికే, వినదు అని అటు తిరిగి పడుకున్నాడు. నా పోలికట. నాకు కోపం రావాల్సింది, వచ్చింది కూడా, కానీ దాని కింద ఇంకోటేదో కూడా కదిలింది, సిగ్గులేకుండా, గర్వం లాంటిది.

టామ్సిన్ తెల్లది కూడా వేసుకుని చూసింది. తెల్లది. నేను ఒళ్ళో గుట్ట గట్టిగా పట్టుకున్నాను. మంచు కింద ఉన్నా కూత పెట్టే యంత్రం ఒకటి ఛాతీకి కట్టుకుంటారు వీళ్ళు ఇప్పుడు, దాంతో అంతా అయిపోయిందనుకుంటారు, రంగుదేముందమ్మా అంటారు. ఆ కూత వినడానికి పైన ఒకరు మిగలాలి కదా. ముగ్గురూ ఒకేసారి దిగితే ఆ మూడు యంత్రాలూ మంచు కింద ఒకదానికొకటి కూతలు పెట్టుకుంటూ ఉంటాయి. వద్దు, అటు పోకు, ఆలోచన అటు పోకు. ఇటు చూడు, జిప్పు చూడు, హుడ్ హెల్మెట్ మీదికి వస్తోందో లేదో చూడు. వస్తోంది. అందంగా ఉంది నా పిల్ల, అందులోంచి కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి, ఎవరి పిల్లయినా అయుండచ్చు.

మా కొండ మీద ఒక పద్ధతుంది. ఎవరు పెట్టారో తెలియదు, నేను పుట్టకముందు నుంచీ ఉంది. గుంపులో ఎవరైనా ఒక్కరు వద్దంటే అందరూ వెనక్కి తిరగాలి. ఎందుకని అడగకూడదు, బతిమాలకూడదు, దార్లో మొహం ముడుచుకోకూడదు. కిందికొచ్చాక ఆ సాయంత్రం పబ్బులో మొదటి బీరు వద్దన్న మనిషికే, మిగిలినవాళ్ళు కొనివ్వాలి. నాకు కొనిచ్చారు, నేనూ కొనిచ్చాను. ఒకసారి వారిక్ అంచు దాకా వచ్చి కడుపులో ఏదోలా ఉంది వద్దన్నాడు, అంతే, దిగొచ్చేశాం, ఆ రోజు గరిటెలో ఏమీ జరగలేదు, మర్నాడూ ఏమీ జరగలేదు, అయినా ఎవరూ వాణ్ణి ఒక్క మాట అనలేదు. ఆ అన్నదమ్ములు ఇద్దరే కదా, ఒకడికి అనిపించి ఉండదా, అనిపించినా అన్న ముందు తమ్ముడూ, తమ్ముడి ముందు అన్నా నోరు మెదిపి ఉండరు. రేపు ముగ్గురు. ముగ్గురికీ కొత్త సామాను, వారం రోజుల వాన తర్వాత మొదటి ఎండ, ముగ్గురికీ పంతొమ్మిదేళ్ళు. ఓవెన్‌కి బిల్లీ అంటే ఇష్టం, వాడు ఆమె ముందు అనడు. బిల్లీకి టామ్సిన్ అంటే భక్తి, అనదు. నా కూతురు అంటుందా. నా పోలిక కదా.

కప్పు మీద చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. ముగ్గురం పైకి చూశాం. వాన ఆగలేదు, మంచుగా మారింది, అంతే, ఊళ్ళోకి దిగిందంటే పైన ఎంత పడుతోందో. వారిక్ కిటికీ దగ్గరికెళ్ళి పిల్లాడిలా ముక్కు ఆనించాడు. వచ్చింది అన్నాడు, మెల్లగా. టామ్సిన్ మొహం వెలిగిపోయింది. నాకు అరికాళ్ళలోంచి చలి పాకింది, ఒళ్ళో అన్ని జర్కిన్లున్నా.

ఇంక ఆగలేక, కోపమంతా కూడగట్టుకుని, బూడిదదీ తెల్లదీ కాదు, ఆ నారింజ రంగుది తీసుకో, లేకపోతే నేను కొననంటే కొనను అన్నాను. పెద్ద రాద్ధాంతం అవుతుందనుకున్నాను. చలికాలమంతా నాతో మాట్లాడదనుకున్నాను, నిజం చెప్పొద్దూ, అలా అవ్వాలనే కోరుకున్నాను, అలిగి జర్కిన్ అక్కడే పారేసి ఇంటికి పోతే రేపు వెళ్ళడానికి వేసుకోవడానికేమీ ఉండదు కదా అని.

"సరేలే," అంది టామ్సిన్. "నీకు నిద్ర పడుతుందంటే నారింజే వేసుకుంటా. మెరిసే కోటేసుకుని ఉత్తరాలు పంచేదానిలా ఉంటాను, అంతేగా."

ఇట్టే ఒప్పుకుంది. గెలిచాను. నారింజ రంగు వేసుకుని అద్దం ముందు నిలబడింది నా బిడ్డ, దీపంలా, ఎక్కణ్ణుంచైనా కనబడేలా, ఇక నాకు జవాబు తెలుసు, ఎవరడిగినా తడుముకోకుండా చెప్తాను, దానివల్ల ఒరిగిందేంటి. ఆ అన్నదమ్ముల తల్లికి తెలియలేదు, నాకు తెలుస్తుంది, అంతేనా తేడా. లేచాను. ఒళ్ళోవన్నీ జారి నేలమీద పడ్డాయి.

"రేపు వెళ్ళకు, టామ్."

ఆమె అద్దంలోంచే నన్ను చూసింది. కోపం లేదు, అది ఉన్నా బాగుండేది.

"నీ వద్దు లెక్కలోకి రాదమ్మా. నువ్వు మాతో లేవు."

నిజమే. కింద ఉన్నవాళ్ళ మాట చెల్లదు, అది కూడా ఆ పద్ధతిలో భాగమే. లేకపోతే ఈ ఊళ్ళో తల్లులు ఒక్కరినైనా కొండెక్కనిస్తారా. మా అమ్మ గుమ్మంలో నిలబడి వద్దంటూంటే నేనూ ఆ మాటే అనేసి కారెక్కాను, సరిగ్గా ఆ మాటే, ఇంకొంచెం పొగరుగా. నేను అంచు దాకా వెళ్ళి ఎన్నేళ్ళయింది. ఆ వెతుకులాట తర్వాత మళ్ళీ పోలేదు. మోకాలు అని చెప్తాను అందరికీ. మోకాలు ఎప్పుడో బాగైంది, డాక్టరు నవ్వి పంపించాడు, బోర్డూ ఊచా యంత్రమూ అన్నీ గరాజ్‌లో గుడ్డ కప్పుకుని ఉన్నాయి. భయం, అంతే. గరిటె పేరు వింటేనే నా చేతిలోకి ఆ ఊచ వచ్చేస్తుంది. నది దాటగానే కాళ్ళు వణుకుతాయి, వణకనీ, పాకుతూనైనా ఎక్కుతాను, ఆ అంచుకి ఈవల నిలబడి ఒక్క మాట అనడానికి. ఒక్క మాటే కదా. దానికి మనిషి అక్కడ ఉండాలి.

నాక్కూడా ఒకటి తియ్యి అన్నాను వారిక్‌తో. వాడు నా మొహం చూసి ఏదో వేళాకోళం ఆడబోయి మానేశాడు, వెనక గదిలోకి వెళ్ళాడు. టామ్సిన్ ఇటు తిరిగింది. మరి నీ మోకాలో అంది. దాని సంగతి నేను చూసుకుంటానన్నాను. కొంచెంసేపు కింది పెదవి కొరుక్కుంది, చిన్నప్పుడు లెక్కలు చేసేటప్పుడు అలాగే కొరుక్కునేది. కాదనలేదు, సామాను ఉండి కొండ తెలిసినవాళ్ళు వస్తానంటే కాదనడానికి లేదు.

"వస్తే రా," అంది. "కానీ ఇంట్లోనో కారు దగ్గరో వద్దంటే ఒప్పుకోం. నడిచి, పైకెక్కి, మంచు చూసి చెప్పాలి. అప్పుడంటే తిరిగొచ్చేస్తాం. ఒట్టు. ఎందుకని కూడా అడగం."

"సరే."

"బీరు కూడా కొనిపెడతాం."

నవ్వాం ఇద్దరం. అమ్మయ్య అనుకున్నాను. ఎంత తేలికైపోయిందో గుండె, వారం నుంచి మోస్తున్న బండ ఎవరో దించినట్టు. ఒట్టేసింది, నా పిల్ల ఒట్టు తప్పదు. రేపు పొద్దున్నే లేస్తాను, ఎక్కుతాను, అంటాను, దిగొస్తాం, అయిపోతుంది. వారిక్ తెచ్చి నా భుజాల మీద వేశాడు, నేను చేతులు దూర్చాను, ఏ రంగో కూడా చూడలేదు. బట్ట గరగరలాడింది. జిప్పు గడ్డం దాకా లాక్కున్నాను, హుడ్ పైకి వేసుకున్నాను, కొట్టులో చప్పుళ్ళన్నీ దూరంగా జరిగిపోయి నా ఊపిరి ఒక్కటే వినబడుతోంది, ఈ చప్పుడు, దేవుడా, ఈ చప్పుడు ఎంతకాలమైంది విని. పొద్దున్నే ఎవరూ తొక్కని మంచు. గాలి ఆగిపోయిన ఆ క్షణం. బోర్డు ముక్కు అంచు దాటి గాల్లో నిలవడం, కడుపులో ఆ ఖాళీ, ఆ తర్వాత బరువు లేకపోవడం, పొడి మంచు మొహం మీద, నోట్లో, నవ్వు. వేళ్ళ చివర్లలోకి రక్తం వచ్చింది. వారిక్ నీళ్ళు పోసి చూపించనా అంటున్నాడు, ఎవరితోనో అంటున్నట్టుంది.

"అమ్మా," అంది టామ్సిన్. "నిజం చెప్పు. రేపు ఆ అంచు మీద నిలబడ్డాక వద్దంటావా?"

"అంటాను," అన్నాను.

వెంటనే అన్నాను, గట్టిగానే అన్నాను. అద్దంలో మాత్రం నా ఎడమ కాలు ముందుకి జరిగి ఉంది, మోకాళ్ళు రెండూ వంగి ఉన్నాయి, బరువంతా ముందుకి ఒరిగి, చేతులు గాల్లోకి లేచి, దిగబోయే మనిషి ఎలా నిలబడుతుందో అలా. ఎప్పుడు జరిగిందో నాకు తెలియదు. టామ్సిన్ కూడా అటే చూస్తోంది. ఆమె నవ్వు మెల్లగా విచ్చుకుంది, మంచు పడటం మొదలైనప్పుడు నవ్విన నవ్వే, ఇంకెవరిని చూసీ అలా నవ్వడం నేను చూడలేదు. నేను నిటారుగా నిలబడటానికి ప్రయత్నించాను.